నార్మల్ తాత దగ్గు

నర్సింగ్ స్కూలు రెండో అంతస్తులో చివరి గది తలుపు మీద "ప్రాక్టికల్ గది" అని బోర్డు ఉంది. ఆ బోర్డును ఎవరూ చదవరు. దారి అడిగినవాళ్ళకి "నార్మల్ తాత గదేనా? తిన్నగా వెళ్ళి కుడిచేతి వైపు తిరగండి" అని చెబుతారు. గదిలో గోడవారన ఒక ఇనప మంచం, దాని చుట్టూ ఆకుపచ్చ తెర, పక్కన చెక్క స్టూలు, చక్రాల బల్ల మీద థర్మామీటర్లు, బీపీ మిషను, టార్చిలైటు, నాలుక నొక్కే చెక్కపుల్లలు. కిటికీ కింద బరువు తూచే మిషను. ఆ మిషను మీద కాళ్ళు చాపుకుని, చెయ్యి ఊడిపోయిన రబ్బరు బొమ్మ ఒకటి దర్జాగా కూర్చుని ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టడానికి గదిలో ఇంకెక్కడా చోటు దొరకలేదట.

మంచం మీద తాత. వయసు డెబ్బైకి రెండు తక్కువ. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా రోగిగా ఉండటం ఆయన ఉద్యోగం. రోగం లేని రోగి. రోగిని తల నుంచి కాలి బొటనవేలి దాకా ఎలా పరీక్షించాలో మొదటి సంవత్సరం పిల్లలు ఆయన మీదే నేర్చుకుంటారు. కళ్ళలో టార్చి వేస్తారు, నాలుక చాపమంటారు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి "గట్టిగా ఊపిరి పీల్చండి, వదలండి" అంటారు. చివరికి రికార్డు పుస్తకంలో తల నార్మల్, కళ్ళు నార్మల్, మెడ నార్మల్ అంటూ పేజీ పొడవునా రాసుకుపోతారు. ఆ పేరు అలా వచ్చింది. మొదట్లో ఆయనకి కాస్త చిన్నతనంగా అనిపించినా, తరువాత ఎవరైనా ఆ పేరుతో పిలవకపోతే పలకడం మానేశాడు.

అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో స్ట్రెచర్ తోశాడు. అన్నేళ్ళలోనూ డాక్టర్లూ నర్సులూ ఆయనతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే రెండే: "పక్కకి జరుగు", "తొందరగా పద". రిటైరయ్యాక ట్యూటర్ మేడమ్ పిలిచి ఈ పని ఇచ్చింది. మొదటి రోజే ఒక పిల్ల స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ, "ఎలా ఉన్నారు తాతయ్యా?" అని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగింది. నిజంగానే ఆగింది! ఆ సాయంత్రం తాత ఇంటికెళ్ళి భార్యతో ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి మొదలుపెడితే ఆవిడ చేతిలోని కత్తెర కిందపెట్టి, "నేను నలభై ఏళ్ళుగా అడుగుతున్నాగా, అది లెక్కలోకి రాదా?" అంది.

ఆ మొదటి వారంలోనే ట్యూటర్ మేడమ్ ఆయన్ని స్వయంగా పరీక్షించి అంకెలన్నీ ఒక కాగితం మీద వేసింది. నాడి డెబ్బై ఆరు, ఊపిరి పద్ధెనిమిది, బీపీ నూట ఇరవై బై ఎనభై, బరువు అరవై రెండు కిలోలు. ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించింది. ఆవిడ తప్పు పట్టవలసిన మనిషి కాదు. నలభై మంది పిల్లలు, గంట క్లాసు, ఎవరు సరిగ్గా చూశారో ఎవరు గాలి లెక్కలు వేశారో తేల్చడానికి ఒక కొలబద్ద కావాలి కదా. పిల్లల అంకె కాగితంలోని అంకెకి దగ్గరగా ఉంటే మార్కు, దూరంగా ఉంటే ఎర్ర సిరా. పిల్లలేమైనా వెర్రివాళ్ళా? రెండో ఏటికే సీనియర్ల రికార్డులు చేతులు మారాయి. స్టెతస్కోపు చెవిలో పెట్టుకునే ముందే డెబ్బై ఆరు రాసేసేవాళ్ళు. ఏటా నలభై మంది చొప్పున, పదకొండేళ్ళుగా తాత బరువు అరవై రెండు. ఈ పదకొండేళ్ళూ బరువు మిషను మీద రబ్బరు బొమ్మ తప్ప ఇంకెవరూ ఎక్కలేదు.

తాతకి మాత్రం విద్య బాగా అబ్బింది. చూడటం, తాకడం, తట్టడం, వినడం అన్నది పరీక్షకి వరస. కడుపు దగ్గరికొచ్చేసరికి ఆ వరస మారుతుంది. చూశాక వినాలి, తట్టడం తాకడం ఆ తరువాతే. ముందే చెయ్యిపెట్టి కెలికితే పేగుల చప్పుడు మారిపోతుంది. ఊపిరి లెక్కకీ ఒక కిటుకుంది. లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి మార్చేస్తాడు. అందుకని నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం నెమ్మదిగా ఛాతీ మీదికి దించాలి. ఇవన్నీ మేడమ్ నోటి వెంట విని విని తాతకి కంఠస్థం అయిపోయాయి. పరీక్షల్లో భయంతో చేతులు వణికే పిల్లలని చూస్తే ఆయనకి ప్రాణం ఉండబట్టేది కాదు. ఎవరైనా వరస తప్పితే పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా దగ్గేవాడు. చేతులు కడుక్కోవడం మరిచినా దగ్గే, తెర వేయడం మరిచినా దగ్గే. అన్నిటికన్నా ఎక్కువగా దగ్గవలసివచ్చేది చివరి మెట్టు దగ్గర. పరీక్ష పూర్తయ్యాక రోగి మీద దుప్పటి సర్ది, థాంక్స్ చెప్పి వెళ్ళాలి. అంకెల హడావిడిలో దాన్ని సగం మంది మింగేసేవారు. తాత దగ్గు ఆ స్కూల్లో ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి రహస్యంగా అందుతూ వచ్చింది. "తాతయ్య దగ్గితే ఆగు, మళ్ళీ మొదటినుంచి చెయ్యి" అని సీనియర్లు చెవిలో చెప్పేవాళ్ళు.

ఆ ఏడు పరీక్షలు ఇంకో రెండు నెలలున్నాయనగా నిజం దగ్గు వచ్చింది.

మొదట్లో అది మామూలు దగ్గేననుకున్నాడు. పిల్లలు మాత్రం తమకే అనుకున్నారు. ఒక పిల్ల మోకాలు తడుముతుంటే తాతకి దగ్గు తెర వచ్చింది. ఆ పిల్ల నాలుక కరుచుకుని, గబగబా వెళ్ళి చేతులు కడుక్కుని, తల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకో పిల్ల చెవులు చూస్తుండగా దగ్గు. ఆ పిల్లా మొదటికే. ఒకరోజు ఒకే అమ్మాయి ఆయన తలని నాలుగుసార్లు పరీక్షించింది. నాలుగోసారి దాదాపు ఏడుస్తూ, "ఎక్కడ తప్పుతున్నానో సైగైనా చెయ్యండి తాతయ్యా" అని గొణిగింది. తాతకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పేమీ లేదని ఆ పిల్లకి చెప్పి ఉండవచ్చు. చెబితే మరి దగ్గెందుకని అడుగుతుంది. అందుకని ఊరుకున్నాడు.

ఎందుకు ఊరుకున్నాడంటే, ఆయనకి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు స్ట్రెచర్ తోసినవాడికి సాయంత్రం పూట వెచ్చబడే ఒళ్ళు, తడిసిపోయే తలగడ, ఆకలి చచ్చిపోవడం, నెలలు గడిచినా విడవని దగ్గు కలిస్తే ఏమవుతుందో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అలాంటివాళ్ళని ఆస్పత్రి వెనక విడిగా ఉన్న వార్డుకి ఎంతమందిని తోసుకెళ్ళలేదు! చాలామంది బాగుపడి నడుచుకుంటూ వెళ్ళిపోయారన్న సంగతీ తెలుసు. అయినా ఆయన ఉద్యోగం ఆరోగ్యంగా ఉండటమే. రోగం ఉందంటే మంచం ఖాళీ చెయ్యాలి. స్టూలు లాక్కుని "ఎలా ఉన్నారు?" అని అడిగేవాళ్ళు ఇక ఉండరు. పిల్లలు మొహంలో మొహం పెట్టి ఊపిరి వింటున్నారే, వాళ్ళకి అంటుకుంటే అన్న భయం ఒకటి రెండుసార్లు గుండెల్లో కలుక్కుమంది. దానికి ఆయన చేసిన వైద్యం, దగ్గేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకోవడం. అది సరిపోతుందని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. మంచివాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి, పైకి తప్పుల్లా కనపడవు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. భార్య దర్జీ. నర్సుల యూనిఫారాలూ డాక్టర్ల కోట్లూ ఇంట్లోనే కుడుతుంది. కొలతల పుస్తకంలో మొగుడికీ ఒక పేజీ పెట్టుకుంది. ఏటా ఒక చొక్కా కుట్టేటప్పుడు కొలత వేసి తేదీతో సహా రాస్తుంది. ఏళ్ళ తరబడి ఛాతీ ముప్పై ఎనిమిది. ఈసారి టేపు చుట్టి, చూసి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"ముప్పై నాలుగు" అంది.

"టేపు సాగిందేమో చూసుకో."

"టేపు సాగితే అందరి కొలతా తగ్గాలిగా? మీ ఒక్కరిదే ఎందుకు తగ్గింది? ప్యాంటు నడుము మూడుసార్లు పట్టాను. ఇంకోసారి పడితే రెండు జేబులూ వెనక్కొచ్చి కలుసుకుంటాయి. ఎవరికైనా చూపించుకోండి."

"ఇంకా ఎవరికి చూపించుకోవాలే? రోజుకి నలభై మంది నర్సులు నన్ను నఖశిఖ పర్యంతం చూస్తున్నారు. ఇంత వైద్యం జరిగే మనిషి ఊళ్ళో ఇంకొకడున్నాడా?"

"చూస్తున్నారు సరే. మీరు చిక్కిపోయారని ఒక్కరైనా అన్నారా?"

ఆవిడ ముప్పై నాలుగు అని రాసి, పక్కన తేదీ వేసి, ఆ అంకె కింద పెన్సిలుతో రెండు గీతలు గీసింది.

ఆ బ్యాచిలో ఒక పిల్లని అందరూ "నిదానం" అని పిలిచేవారు. మిగతావాళ్ళు పదిహేను సెకన్లు నాడి చూసి నాలుగుతో హెచ్చవేస్తే, ఆ పిల్ల నిమిషమంతా చూసేది. ఊపిరి వినమంటే వీపు మీద ఒక్కోచోటా రెండేసి శ్వాసలు వినేది. ముందు ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో సమయం అయిపోయేసరికి ఇంకా కడుపు దగ్గరే ఉంది. ఫెయిలయింది. ఈసారీ ఫెయిలైతే సీటు పోతుంది. ఇంటి దగ్గర తండ్రి మంచాన పడితే తల్లికి సాయంగా ఉండి, ఆయన్ని ఏడాదిపాటు చూసుకుని, ఆయన పోయాక ఈ చదువుకి వచ్చిన పిల్ల. తిరిగి వెళ్ళడానికి ఆమెకి ఇల్లయితే ఉంది గానీ, వెళ్ళాక చెయ్యడానికి పనేమీ లేదు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ, నిదానం ఒక్కతే గదికి వచ్చింది.

"తాతయ్యా, మీరు తిన్నారా? ఒక్కసారి మొత్తం చేసి చూసుకుంటాను. గడియారం పెట్టుకుంటా."

"కానీ తల్లీ. ఈసారి పరుగెత్తాలి నువ్వు."

చేతులు కడుక్కుంది, తెర వేసింది, నాడి పట్టుకుంది. మెడ దగ్గరికి రాగానే తాతకి దగ్గొచ్చింది. పిల్ల ఆగింది. మళ్ళీ వెళ్ళి చేతులు కడుక్కుంది. రెండోసారి వీపు దగ్గర దగ్గు. మళ్ళీ మొదటికి. మూడోసారి కూడా అక్కడే దగ్గొచ్చింది. ఈసారి పిల్ల చేతులు కడగడానికి వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని, చేతిలో పెట్టుకున్న మెట్ల జాబితా చూసుకుంది. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది.

"తాతయ్యా, నేనెక్కడా తప్పలేదు."

తాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"తప్పానా?"

"లేదమ్మా."

నిదానం మళ్ళీ ఆయన మణికట్టు పట్టుకుంది. తాతకి ఆ కిటుకు తెలుసు కనుక ఊపిరి బిగబట్టి నెమ్మదిగా వదలాలని చూశాడు. పది సెకన్లకే దగ్గు తన్నుకొచ్చింది. పిల్ల మణికట్టు వదలకుండా దగ్గు తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి నిమిషమంతా లెక్కపెట్టింది.

"ఇరవై ఆరు" అంది. ఆ తరువాత కిటికీ దగ్గరికి వెళ్ళి, రబ్బరు బొమ్మని చంకలు పట్టుకుని ఎత్తి నేల మీద కూర్చోబెట్టింది. మిషను మీది దుమ్ము తుడిచి, ముల్లు సున్నా దగ్గరికి తిప్పి, ముందు తనే ఎక్కింది. పోయిన వారం ఆస్పత్రిలో తూచుకున్న బరువే మిషను చూపించింది. "రండి తాతయ్యా" అని చెయ్యి అందించింది.

యాభై.

తాతే ముందు తేరుకున్నాడు.

"ఈ సంగతి నీలోనే ఉంచుకో బంగారూ. పరీక్షలో అరవై రెండే చెప్పు. పద్ధెనిమిదే చెప్పు. మేడమ్ కాగితంలో ఉన్నది చెబితే చాలు, గట్టెక్కుతావు. నిజం చెబితే నీ సీటూ పోతుంది, నా మంచమూ పోతుంది."

"మీరు డాక్టరుకి చూపించుకోవాలి."

"చూపించుకుంటా. పరీక్షలు కానీ."

"రేపే వెళ్ళండి."

"రేపే వెళ్తా, ఒట్టు."

వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి గేటు దాకా వెళ్ళాడు. స్ట్రెచర్ తోసుకొస్తున్న కుర్రాడెవరో "పక్కకి జరుగు పెద్దాయనా" అన్నాడు. తాత పక్కకి జరిగి, అటునుంచి అటే స్కూలుకి వచ్చేశాడు.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చాడు. బట్టతల, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, ఎవరి వైపూ చూడకుండా వినే అలవాటు. ఆయన పక్కనే ట్యూటర్ మేడమ్ ప్లాస్టిక్ తొడుగు కాగితం పట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి పదహారు మంది అయ్యారు. పదహారు మందికీ ఊపిరి పద్ధెనిమిది వచ్చింది. తాత దగ్గినప్పుడల్లా మేడమ్ ఆయన వైపు గుర్రుగా చూసింది. ఆ దగ్గు రహస్యం ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకునేది. ఈవేళ బయటివాళ్ళ ముందు ఇంతగా సైగలు అందిస్తున్నాడేమిటని ఆవిడ కోపం.

పదిహేడోది నిదానం. చేతులు కడుక్కుని, తెర వేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎలా ఉన్నారు తాతయ్యా? ఏమైనా ఇబ్బంది ఉందా?"

పదకొండేళ్ళుగా ఆ ప్రశ్నకి ఒకే జవాబు. తాత ఏదో అనుకునేలోపే నోరు తన పని తాను చేసేసింది. "ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నాను."

పిల్ల వెంటనే తరువాతి ప్రశ్నకి వెళ్ళలేదు. ఆయన మొహంలోకి చూస్తూ ఆగింది. మేడమ్ గడియారం చూసుకుంది. తాత చూపు దించుకుని దుప్పటి అంచు సర్దుకున్నాడు. అప్పుడు పిల్ల మణికట్టు పట్టుకుంది. పోయిన ఏడాది ఏ నిమిషమైతే ఆమెని ముంచిందో, ఆ నిమిషాన్నే మళ్ళీ పూర్తిగా ఖర్చుపెట్టింది.

"నాడి నూట నాలుగు. శ్వాస నిమిషానికి ఇరవై ఎనిమిది."

మేడమ్ పెన్ను ఆగింది. "మళ్ళీ చూడు."

"ఇరవై ఎనిమిదే మేడమ్. వీపు కుడివైపు పైన చప్పుడు తేడాగా ఉంది. బరువు యాభై."

"బరువెక్కడిది? ఆ మిషను ఎవరూ వాడరు. కాగితంలో..." మేడమ్ అక్కడితో ఆగిపోయి పరీక్షాధికారి వైపు చూసింది. "ఈ అమ్మాయి పోయినసారి కూడా ఫెయిలయిందండి."

పరీక్షాధికారి కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి మంచం వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఈ అమ్మాయి మిమ్మల్ని తూచిందా?"

అవునంటే ఒకటి పోతుంది, కాదంటే ఇంకొకటి పోతుంది. కర్ర విరగకుండా పాము చావకుండా ఉండే మాట కోసం తాత వెతికాడు. దొరికింది.

"గుర్తులేదండీ" అన్నాడు.

మేడమ్ ఎర్ర సిరాతో రాసుకుంది. పిల్ల తన వైపు కోపంగానైనా చూసి ఉంటే తాత భరించేవాడేమో. ఆమె మిగతా పరీక్షంతా వరస తప్పకుండా చేసింది. పాదాల దాకా వచ్చాక, దుప్పటి లాగి ఆయన మడమల చుట్టూ చలి తగలకుండా దోపింది. తలగడ సరిచేసింది. అందరూ మరిచిపోయే ఆ చివరి మెట్టు, ఎవరి దగ్గూ లేకుండానే, ఫెయిలయ్యానని తెలిసీ చేసింది. "థాంక్యూ తాతయ్యా" అని చెప్పి, స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకుంది.

తను ఎంత చిన్నమనిషో తాతకి ఆ క్షణంలో కళ్ళకి కట్టినట్టు కనపడింది. దోపిన దుప్పటి తోసేసి మంచం దిగాడు. పరీక్ష మధ్యలో ఆయన మంచం దిగడం ఆ స్కూల్లో ఎవరూ ఎరగరు. ఉత్తకాళ్ళతో కిటికీ దగ్గరికి నడిచి, ఎవరో మళ్ళీ మిషను మీద కూర్చోబెట్టిన బొమ్మని లేపబోయాడు. ఎత్తలేకపోయాడు. నిదానం పరుగున వచ్చి ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని కిందికి దించారు. తాత మిషనెక్కి, గోడకి చెయ్యి ఆనించకుండా నిటారుగా నిలబడ్డాడు.

"చదవండి" అన్నాడు.

పరీక్షాధికారి వంగి చూశాడు. "నలభై తొమ్మిది."

"ఆ పిల్ల తూచింది. నాలుగు రోజుల క్రితం యాభై ఉన్నాను. దగ్గు రెండు నెలల నుంచీ ఉంది. నేను ఎవరికీ అందించడానికి దగ్గడం లేదమ్మా" అన్నాడు మేడమ్‌తో. "ఈమధ్య అంతా నిజం దగ్గే."

మేడమ్ లేచి వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు అలవాటుగా మణికట్టు మీదికి జరిగాయి. పదకొండేళ్ళ తరువాత ఆవిడ ఆయన ఊపిరిని లెక్కపెట్టడం అదే మొదలు. సగంలోనే ఆవిడ కళ్ళనిండా నీళ్ళు వచ్చి లెక్క తప్పింది.

ఆ సాయంత్రమే ఎక్స్‌రే తీశారు. మూడో రోజున క్షయ అని తేల్చారు. మందులకి లొంగే రకమేనని, ఆరు నెలలు మానకుండా మింగాలని చెప్పారు. మొదటి కొన్ని వారాలు ఆస్పత్రి వెనక వార్డులోనే ఉంచారు. భార్య రోజూ గుడ్డ ముక్కతో కుట్టిన మాస్కు కట్టుకుని కిటికీ అవతల నిలబడేది. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. నలభై మంది నర్సులట, నలభై మంది!" అని తిట్టి, తిట్టడం అయ్యాక వెళ్ళకుండా అక్కడే నిలబడేది.

ఎక్స్‌రే తాతతో ఆగలేదు. ఆగదు కదా. ఆయన్ని తాకిన నలభై మందికీ తీశారు, భార్యకీ తీశారు, మేడమ్‌కీ తీశారు. ఆ పెద్దవాళ్ళిద్దరికీ, ముప్పై తొమ్మిది మంది పిల్లలకీ ఏమీ లేదు. ఒక్కరికి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ కనపడింది.

అది నిదానం. తక్కినవాళ్ళు రెండు క్షణాలు స్టెతస్కోపు ఆనించి పద్ధెనిమిది రాసుకుని పోతుంటే, ఆ పిల్ల ఒక్కోచోటా రెండేసి శ్వాసలు వింది. మొహం దగ్గరగా పెట్టి వింది, ఎవరూ లేని వేళ వచ్చి మరీ వింది. సరిగ్గా చూసిన పిల్లకే అంటుకుంది. ఈ సంగతి తాతకి వార్డులో ఎవరో మాటల మధ్య చెప్పారు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. గోడవైపు తిప్పుకున్న తన మొహం గుర్తొచ్చి, ఆ మొహాన్నే రెండు చేతులతో కొట్టుకున్నాడు. పరీక్షాధికారి ఆమెని పాస్ చేశాడని, పాత అంకెల కాగితాన్ని మేడమ్ తనే చింపేసిందని, ఇప్పుడు పిల్లలు ఒకరినొకరు రోజూ తూచుకుంటున్నారని కూడా చెప్పారు. అవేవీ ఆయన చెవికెక్కలేదు.

మూడో నెల నుంచి ఇద్దరికీ మందులు ఒకే చోట, సోమవారం పొద్దున్న, ఆస్పత్రి పక్క వరండాలో ఇచ్చేవారు. మొదటి సోమవారం తాత ఆమెని దూరం నుంచి చూసి, స్తంభం చాటున నిలబడి, ఆమె వెళ్ళిపోయాకే మందుల కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెండో సోమవారం అలా దాక్కుంటుంటే వెంట వచ్చిన భార్య వీపు మీద ఒక్కటి చరిచింది. "వెళ్ళండి. మిమ్మల్ని ఆ పిల్లేమీ కొరకదు."

నిదానం బల్ల మీద కూర్చుని ఉంది. ఇంకొంచెం సన్నబడింది. క్లాసులకి ఇంకా వెళ్ళడం లేదు. తాత వెళ్ళి పక్కనున్న స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"నావల్లే తల్లీ" అన్నాడు.

"ఊరుకోండి తాతయ్యా."

"చెయ్యి ఇలా ఇవ్వు. నాడి చూస్తా."

ఆమె నవ్వి చెయ్యి చాపింది. తాత మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టి, వరండా గోడ గడియారం వైపు ఒకసారి చూసి, చూపు నెమ్మదిగా ఆమె భుజాల మీదికి దించాడు. ఆయన ఏం లెక్కపెడుతున్నాడో ఆమెకి తెలుసు. తెలిసినట్టు కనపడితే ఊపిరి మారిపోతుందని, తల పక్కకి తిప్పుకుని మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళని చూస్తూ కూర్చుంది. నిమిషం అయింది.

"ఇరవై రెండు" అన్నాడు తాత. "కొంచెం ఎక్కువే ఉంది."

"తగ్గుతుందిలెండి."

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉన్నాను తాతయ్యా. ఏమీ లేదు."

ఆ మాటలు తాతకి ఎంత తెలిసిన మాటలో! పదకొండేళ్ళు తనే చెప్పాడు. ఆయన మణికట్టు వదల్లేదు. స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుని, మొహంలోకి చూస్తూ ఆగాడు. మందుల కిటికీ దగ్గర ఎవరి పేరో రెండుసార్లు పిలిచారు. వరస ముందుకి కదిలింది. తాత అలాగే ఆగాడు.

"భయంగా ఉంది తాతయ్యా" అంది నిదానం. అని, ఏడవడం మొదలుపెట్టింది.

"చెప్పు" అన్నాడు తాత. "మొదటినుంచి చెప్పు."